బయ్యప్ప టీవీకెక్కిన తీరు

ఆ ఆదివారం పొద్దున బయ్యప్ప అనుకున్నది ఒక్కటే: స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకొని, టీవీలో కనబడటం. బెంగళూరులో కుర్రకారు సంగీతం మీద ‘బీట్‌పేట’ అనే పత్రిక నడిపేవాళ్లు అదే పేరుతో టీవీ కార్యక్రమం పెట్టారు. పట్నంలో పాటలు అయిపోయాయేమో, బాగేపల్లి చావు భజనల మీద పడ్డారు. చుట్టుపక్కల ఎవరు పోయినా పాడేది బయ్యప్పే. భార్య పోయాక అతనికి మిగిలిన గొప్ప ఆ గొంతొక్కటే. దాన్ని విన్నవాళ్లలో ముఖ్యులెవరూ బతికి లేరు.

కార్యక్రమం తీసే రశ్మి అతన్ని అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టింది. గౌరవంగా మెడలో చామంతి దండ వేసింది. పొగ అందంగా ఉంటుందని ముందర ఊదుబత్తులు గుచ్చింది.

“కళ్లు మూసుకోండప్పా. ముందు మీవాళ్లు పాడతారు. నేను చప్పట్లు కొట్టాక మీరు ఎత్తుకోండి. అంతవరకూ కదలొద్దు” అని, కెమెరాతో ఎదురింటి కిటికీ వెనక దాక్కుంది.

ఆ ప్రాంతంలో శవాన్ని కూడా ఇలాగే గోడకు ఆనించి, దండ వేసి, ఎదురుగా భజన చేస్తారు. పాపం, రశ్మికి తెలియదు. అలాంటి ఎన్నో శవాల ముందు పాడిన బయ్యప్పకూ తట్టలేదు.

జతగాడు గోపాలప్ప తాళం వేస్తూ పాట ఎత్తుకున్నాడు. పాట వినగానే, పక్కవీధిలో ఉండే బయ్యప్ప వదిన అక్కయమ్మ, సంకటి కెలికే కట్టె చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చింది.

“అయ్యో బయ్యప్పా! నా చెల్లి కాడికే పోతివా! నిన్న గూడా నాతో కొట్లాడితివి గదప్పా!”

వదిన తనను శవమనుకుందని బయ్యప్పకు అర్థమైంది. కానీ కన్ను తెరిస్తే తీసిందంతా పాడవుతుంది. బెంగళూరు వాళ్లు మళ్లీ రారు. ఊపిరి బిగబట్టాడు. ఏడుపు కూడా టీవీవాళ్ల ఏర్పాటే అనుకొని గోపాలప్ప గొంతు పెంచాడు. వీధి నిండింది. జనాన్ని చూసి మురిసిపోయిన రశ్మి చప్పట్ల మాటే మరిచింది.

“ఎండుకట్టెలు యాడ దొరుకుతాయప్పా?” అన్నారు గుంపులో ఎవరో.

“గురప్పను అడగు. సాదలి ఊరి చుట్టాలు టెంపోలో వస్తాండారంట.”

అంగడి గురప్ప నిట్టూర్చాడు. “మంచోడు. ఎవురికీ చెడు చెయ్యలా.”

బయ్యప్పకు చెవులు చల్లబడ్డాయి. ఇంకాసేపు చచ్చి ఉండొచ్చు అనిపించింది.

గురప్పే మళ్లీ అందుకున్నాడు. “గొంతే బాగుండేది కాదు. సావింట్లో వద్దని యెట్ల చెప్పేది? అందరమూ ఓర్చుకుంటిమి.”

“ఎవురి గొంతురా బాగలేంది?” అంటూ శవం లేచింది.

గురప్ప చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. అక్కయమ్మ మాత్రం కదలలేదు. “సచ్చినోడా, బతికే ఉండావా! ఇంత ఏడిపిస్తివే!” అని కట్టెతో ఒకటిచ్చింది.

బయ్యప్ప ఆ నొప్పితోనే పాట మొత్తం పాడాడు. “చాలప్పా, మాకు కావలసింది దొరికింది” అంది రశ్మి. అతను పొంగిపోయాడు.

నెల తర్వాత గురప్ప అంగడి టీవీ ముందు ఊరంతా కూర్చుంది. అరగంటా అక్కయమ్మ ఏడుపే. పత్రిక అట్ట మీద కూడా ఆమె బొమ్మే. బయ్యప్ప పాట ఒక్క ముక్క రాలేదు; వెనకాల అతను కదలకుండా కూర్చున్న తీరును మాత్రం అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు గుడిబండె దాకా ఎవరు పోయినా ఏడవడానికి అక్కయమ్మకే పిలుపు. వెంట బయ్యప్ప పోయి తాళం వేస్తాడు, నోరు తెరవకూడదన్న ఒప్పందం మీద.