ఇస్త్రీ పెట్టెలో అంతర్జాతీయ జ్వాల

లోకంలో నిప్పు రెండు రకాలు: పొయ్యిలోది, ఫైల్లోది. మొదటిది చెంబుడు నీళ్లు పోస్తే ఆరుతుంది. రెండోది ఆరిపోయినా ఆరదు.

అంతర్జాతీయ క్రీడలు ఊరికొస్తున్నాయని సందు మలుపులో బండి పెట్టుకున్న ఇస్త్రీ మామకి తెలుసు. క్రీడాజ్యోతి సముద్రాలు దాటి విమానంలో దిగిందనీ (దానికి కిటికీ పక్క సీటిచ్చారట), ఆ ఉదయమే దాని పరుగుకి రిహార్సలనీ తెలుసు. ఆయన బెంగ వేరు. ఆసుపత్రి నర్సుల తెల్లకోట్లు అరవై, సాయంత్రానికల్లా అందాలి. ఒక్క పూట ఆలస్యమైతే ఆ పని ఆవిరి ఇస్త్రీ కొట్టువాడు ఎగరేసుకుపోతాడు.

ఆ మలుపులోనే జెండాల రెపరెపల శాఖవారు ఏనుగంత ఫ్యాను నిలబెట్టారు. జెండా ఏ కోణంలో ఎగరాలో రూలుంది. గాలికి ఆ రూలు తెలియదు మరి. జ్యోతి ఇటు తిరిగింది. ఫ్యానూ ఇటే తిరిగింది. జ్యోతి కాస్తా ఆరి కూర్చుంది.

జ్వాలా పవిత్రత ఉపసంచాలకుడికి ముచ్చెమటలు పోశాయి. అదనపు జ్యోతి ఉంది గానీ, భద్రత కోసం ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. తెరిచి చూస్తే అది గాలాడక ఎప్పుడో కన్నుమూసింది. ఎదురుగా మామ ఇస్త్రీ పెట్టె మూత తీసి బొగ్గులు విసురుకుంటున్నాడు.

"ఏమయ్యా, కాస్త నిప్పిస్తావా?"

"దానికేం భాగ్యం బాబూ, తీసుకోండి."

జ్యోతి భగ్గుమంది. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో అయిపోవాల్సిందే, కానీ రిపోర్టు రాయాలి కదా! జ్యోతి ఆరనే లేదని రాశారు. ఆరకపోతే, వెలుగుతున్నది సముద్రాలు దాటొచ్చినదే. అది మామ పెట్టెలోంచి వచ్చింది గనక, పెట్టెలోదీ సముద్రాలు దాటొచ్చినదే. మధ్యాహ్నానికల్లా పెట్టె చుట్టూ తాడు, నలుగురు కాపలా, 'మాతృజ్వాల' అని బోర్డు.

"నాయనా, నా కోట్లు..." అన్నాడు మామ.

"మాతృజ్వాలని కోట్ల మీద రుద్దుతావా మామా? హవ్వ!" అన్నాడు కాపలావాడు.

"పోనీ, వేరే పెట్టెలో రాజేసుకుంటాను."

"అది పోటీజ్వాల. జైలే."

మామ పెళ్లాం నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "అడిగీ అడగ్గానే ఇచ్చేశావా? నేను అగ్గిపుల్ల అడిగితే పూటంతా వెతుకుతావే! పో, ఆఫీసుకెళ్లి అర్జీ పెట్టు."

పెట్టాడు. ఈలోగా అరవై కోట్లూ ముడతలతోనే ఆసుపత్రికి వెళ్లాయి, మర్నాటి నుంచి ఆవిరి కొట్టుకి వెళ్లాయి. వారానికి జవాబొచ్చింది. ఆవిడే కూడబలుక్కుని పైకి చదివింది:

"సదరు నిప్పు విదేశాల నుండి వచ్చినదని దర్యాప్తులో తేలినది. తమకు సొంత నిప్పు ఏనాడూ లేదు. నిప్పు లేనివారికి ఇస్త్రీ బండి అనవసరం గనుక, బండి తక్షణం తొలగించవలెను. ఇరవై రెండేళ్లుగా తమరు అంతర్జాతీయ జ్వాలతో, అనుమతి లేకుండా, ప్యాంట్లు ఇస్త్రీ చేసిన నేరమును క్రీడాస్ఫూర్తితో ఈసారికి క్షమించడమైనది."