రోములో నేను లేను

రోము నగరానికి కాపురం మార్చేవాళ్ళకు నా సలహా ఒక్కటే. గడప దాటకండి!

నవ్వకండి. రెండు వేల ఏళ్ళ నాటి రాళ్ళు ఎక్కడికీ పోవు. వార్డు ఉద్యోగి అలా కాదు. ఏ రోజు వస్తాడో చెప్పడు, తలుపు కొట్టినప్పుడు పలకకపోతే వెళ్ళిపోతాడు. ఆయన ఇంటికొచ్చి చూసి రాసుకుంటేనే మనం ఈ ఊళ్ళో ఉన్నట్టు. ఆ నివాస కాగితం లేనిదే నాకు ఇక్కడ పశువైద్యురాలిగా పని దొరకదు.

ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో పదమూడేళ్ళు ఆవులకూ కుక్కలకూ వైద్యం చేసినదాన్ని. మా ఆయన గ్రెగర్‌కు రోములో ఉద్యోగం వచ్చింది. పిల్లలిద్దరికీ బడి దొరికింది. నాకు ఈ ఎదురుచూపు దొరికింది. ఇల్లాలికి ఇంతకన్నా గౌరవప్రదమైన వ్యాపకం ఉంటుందా?

ఆరు వారాలు! ఉల్లిపాయలు అయిపోతే ఉల్లి లేకుండానే వండాను. తలుపు చప్పుడు వినపడదేమోనని షవర్ మానేసి చెంబుతో పోసుకున్నాను. కొలోసియం చూశావా అంటారా? ఫ్రిజ్ మీద దాని బొమ్మున్న అయస్కాంతం ఉంది, రోజూ చూస్తున్నాను.

మా భవనం వాకిలి కాచే ఎర్సీలియా మెట్ల కిందనుంచే కేకేసేది. "ఏం సిన్యోరా, ఇంకా పొదుగుతూనే ఉన్నావా? పిల్లలెప్పుడు బయటికొస్తాయ్?"

ఒక గురువారం వార్డు ఉద్యోగి వచ్చాడు. నాలుగంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు. చారిత్రక భవనానికి లిఫ్టు పెడితే చరిత్ర ఏమైపోవాలి!

గ్రెగర్ మన్రో, ఆఫీసులో ఉన్నాడు, రాసుకున్నాడు. మన్రో పిల్లలు, బడిలో ఉన్నారు, రాసుకున్నాడు. ఆఖరి పేరు దగ్గర ఆగాడు.

"ప్రౌస్ అనే ఆవిడ ఏదమ్మా?"

ఈ దేశంలో ఆడవాళ్ళు పెళ్ళయినా పుట్టింటి పేరుతోనే ఉంటారు. నా జనన పత్రం చూసి అదే ఎక్కించారు. నాకేం తెలుసు? మా పద్ధతిలో పదహారేళ్ళ కిందటే వదిలేసిన ఇంటిపేరు అది. వచ్చీరాని ఇటాలియన్‌లో వినయంగా చెప్పాను.

"ప్రౌస్ ఇప్పుడు లేదండీ. పెళ్ళితోనే పోయింది."

ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "అయ్యయ్యో! మరి పిల్లల్ని మీరే చూసుకుంటున్నారా?"

"అవునండీ," అన్నాను గర్వంగా.

"దొడ్డ మనసమ్మా మీది," అని ఏదో రాసుకుని దిగిపోయాడు.

రెండు నిమిషాల్లో ఎర్సీలియా ఆయాసపడుతూ పైకొచ్చింది. "సిన్యోరా, కొంప మునిగింది! నువ్వు చచ్చిపోయావని రాసుకున్నానని నాతో చెప్పి పోయాడు!"

పోవడంలో ఎంత సుఖముందో బతికున్న మీకేం తెలుస్తుంది? ఇక ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఆ రోజే వీధిలోకెళ్ళి కాఫీ తాగాను, ఉల్లిపాయలు కొన్నాను. పని మాత్రం లేదు. పోయినవాళ్ళకు పని ఎవరిస్తారు?

"మళ్ళీ దరఖాస్తు పెట్టు. ముందు కింద బెల్లు పక్కన నీ పేరు అంటించు. పేరే లేకపోతే నిన్నెవడు వెతుకుతాడే పిచ్చిదానా?" అంది ఎర్సీలియా.

కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ప్రౌస్' అని రాసి, 'మన్రో' కింద అంటించాను. చాలా ఏళ్ళ తర్వాత రాశానేమో, చేతికి కొత్తగా అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

సాయంత్రం గ్రెగర్ ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ అడిగాడు. "బ్రిడీ, మన బెల్లు దగ్గర ఎవరిదో పేరుంది. ఎవరీ ప్రౌస్?"

వార్డు ఉద్యోగే నయం. ఆయన టోపీ అయినా తీశాడు.