నడిమధ్య నుంచి దూసుకుపోతే

ఆ శనివారం తిరుపతయ్య వేసుకున్న ప్లాన్ చిన్నది. అమెరికాలో తాముండే షామ్‌బర్గ్ పార్కులో ఆఫీసు పిక్నిక్‌కి వెళ్లాలి, పులిహోర డబ్బా బల్ల మీద పెట్టాలి, మేనేజర్ రవిశంకర్ కంట్లో పడాలి, ఇంటికి రావాలి. 2009, లేఆఫ్‌ల ఏడాది. టీమ్ లీడ్ అయినవాడి కుర్చీ కదలదని ఆఫీసులో అందరి నమ్మకం. ఆ లీడ్ ఎవరో సోమవారం తేలుతుంది.

కంట్లో పడటం వరకూ బాగానే జరిగింది. "మీరేమైనా ఆడేవారా తిరుపతయ్యగారూ?" అని రవిశంకర్ మర్యాదకి అడిగాడు.

"ఆడుడేంది సార్! కాలేజ్‌ల ఉన్నప్పుడు జిల్లా టీమ్ నేను."

"కబడ్డీ అని చెప్పుండ్రి," అని పక్కనుంచి భార్య సుధ గొణిగింది.

"ఆయన అడిగిండా?"

పులిహోర సగమయ్యేసరికి జిల్లా కాస్తా నోళ్లు మారి రాష్ట్రమైంది, పూర్తయ్యేసరికి దేశమైంది. ఈ పిక్నిక్‌లో క్లయింట్ కంపెనీతో ఏటా ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడతారు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. స్కోరు సమానమై ఆఖరి అవకాశం మిగిలేసరికి అందరూ తిరుపతయ్య వైపు తిరిగారు. కాదనే లోపే నడుముకి రిబ్బన్లు కట్టేశారు.

"వాళ్లు రిబ్బన్ లాగితే ఆట ఆగిపోతుంది. బంతి చంకలో పెట్టుకోండి, నడిమధ్య నుంచి దూసుకుపోండి. అంతే!" అన్నాడు రవిశంకర్.

దూసుకుపోయాక ఏం చేయాలో చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాడు పాపం.

బంతి చేతికి రాగానే తిరుపతయ్యకి పాత ఆట పూనింది. "కబడ్డీ కబడ్డీ" అంటూ సరిగ్గా మధ్యలోకి చొరబడ్డాడు. ఆ మంత్రమేమిటో అర్థంకాక క్లయింట్ మనుషులు నిలబడిపోయారు. ఒకడి భుజం తట్టాడు, ఒకడి మోకాలు తాకాడు, వాళ్ల డైరెక్టర్ గ్యారీ బట్టతల మీద ఒకటి అంటించాడు. ఎదురుగా గీత. దాటితే గెలుపే.

కానీ అంతమందిని తాకినవాడు ఊపిరి ఉండగానే వెనక్కి చేరకపోతే ఏం లాభం? తిరుపతయ్య గిరుక్కున తిరిగాడు.

"అటు కాదండీ! ఆగండి!" అని సొంత టీమ్ గొంతు చించుకుంది. ఉత్సాహపరుస్తున్నారనుకుని ఆయన ఇంకా వేగంగా పరిగెత్తి, తమవైపు చివరి గీత దాటి, బంతి కింద పెట్టి, విజయగర్వంతో చేతులెత్తాడు.

ఈ ఆటలో దానికి అవతలివాళ్లకి రెండు పాయింట్లిస్తారు. మ్యాచ్ పోయింది.

సంగతి తెలిశాక తిరుపతయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది. "కుర్చీ పాయె సుధా."

ఇంతలో గ్యారీ బట్టతల తడుముకుంటూ వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు. ఇన్నేళ్లలో తాము గెలవడం ఇదే మొదటిసారట. కాంట్రాక్ట్ పొడిగిస్తామనీ, ఇంత సరదా మనిషితోనే పని చేస్తామనీ అక్కడికక్కడే చెప్పేశాడు.

రవిశంకర్ వచ్చి తిరుపతయ్య చెవిలో అన్నాడు: "గెలిచే మ్యాచ్‌ని క్లయింట్‌కి వదిలేశారే! నాకు తట్టనే లేదండీ. లీడర్ అంటే మీరు!"

నిజం చెప్పడానికి తిరుపతయ్య నోరు తెరిచాడు. సుధ అందులో లడ్డూ కుక్కింది.

సోమవారం ఆయన టీమ్ లీడ్ అయ్యాడు. అప్పటినుంచి ప్రాజెక్టు ఎంత ముందుకెళ్లినా, క్షేమంగా బయల్దేరిన చోటికే తిరిగొస్తోంది.