గుట్టను కోస్తేనే కదా చదువు!

మే పద్దెనిమిది. పొద్దున తిన్నది సర్వపిండి, మామిడికాయ తొక్కు. ఆ తేదీ, ఆ తిండీ ఇంకా గుర్తున్నాయంటే కారణం ఉంది. ఆ రోజే నాకొక సత్యం బోధపడింది. గ్రానైట్ క్వారీని మించిన బడి ఈ భూమ్మీద లేదు!

నవ్వకండి. మేం కాలేజీలో చదివే రోజుల్లో జియాలజీ అంటే ఎంత అవస్థ! ఎండలో గుట్ట ఎక్కాలి. ముళ్లకంపలు గీరుకోవాలి. తీరా ఎక్కితే పైతోలు తప్ప ఏమీ కనిపించదు. లోపల ఏముందో లెక్చరర్ చెబితే నమ్మాలి. ఇప్పుడో? గుట్టను బండి మీది పుచ్చకాయలా కోసి పెట్టారు. కోట్ల ఏళ్లు దాచుకున్న కడుపును పిల్లలు చేత్తో తడిమి చూడొచ్చు!

క్వారీ దాకా పోలేని వాళ్ల కోసం గుట్టే బయల్దేరి వస్తుంది. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు మీద నిలబడి చూడండి. లారీ మీద ఒక్కటే బండ, ఒక గది అంత. దాన్ని ఓవర్‌టేక్ చేసే ధైర్యం ఎవరికుంది? ఆ రోజు మా బస్సు దాని వెనకాలే నడిచింది. మెరిసేది అభ్రకమనీ, గులాబీ రంగుది ఫెల్‌స్పార్ అనీ మా కండక్టర్ కూడా గుర్తుపట్టే స్థాయికి వచ్చాడు. టికెట్ డబ్బుల్లోనే చదువు! ఏ యూనివర్సిటీ ఇస్తుంది?

ఆ బస్సులో నేను పోతున్నది మా వదిన లసుమవ్వ ఊరికి. ఆమె నా భార్యకు అక్క. నా భార్య పోయినా, ఎండాకాలం రాగానే "మరిదీ, అచ్చి నాలుగొద్దులుండు" అని వదిన ఫోన్ చేయడం మానలేదు. మనిషిని నిలబెట్టేవి ఇలాంటి చిన్న పిలుపులే.

వదిన ఇల్లు గుట్ట కిందే. గుట్టలో ముప్పాతిక ఇప్పటికే లారీలెక్కి వెళ్లిపోయింది. మిగిలిన పాతిక సరిగ్గా ఇంటి వెనక ఉంది. అక్కడ పేల్చాలంటే పక్కన మనుషులు కాపురముండే ఇల్లు ఉండకూడదట. ఉన్న ఒక్క ఇల్లూ మా వదినదే! చదువుకు ఎంత అడ్డంకో చూడండి.

నేను వెళ్లేసరికి సిరిసిల్ల నుంచి బడి పిల్లలు వచ్చి క్వారీకి ఇవతల టెంట్లు వేసుకున్నారు. సమ్మర్ జియాలజీ క్యాంపు! వాళ్ల సారు జలపతి మహా ఉత్సాహవంతుడు. క్యాంపుకు ఇంతకంటే భద్రమైన చోటుందా? ఎలుగుబంటి భయం లేదు, అది దూరడానికి గుహ లేదు కనుక. చెట్టు మీంచి పాము పడుతుందన్న బెంగ లేదు, చెట్టే లేదు కనుక. దోమలు సైతం బండపొడికి దగ్గి దగ్గి వలసపోయాయి!

సాయంత్రం, గుట్ట పోయిన చోట ఇంకా లోతుకు పేల్చడానికి, క్వారీలో సైరన్ మోగింది. వదిన చేతిలోని చేట పక్కనపెట్టి లోపలికి పోయింది. గోడ మీదున్న మా తోడల్లుడు మార్కండేయులు ఫోటో దించి, మంచం మీద బొంత పరిచి, మెల్లగా పడుకోబెట్టింది. మంచినీళ్ల కోసం వచ్చిన పిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?" అంది ఒక పిల్ల.

"మా ముసలాయనను పండవెడ్తున్న బిడ్డా. బతికున్నప్పుడు పగటీలి పండుకుంటే, మగ్గం ఎవడు నేస్తడని తిట్టిన. గిప్పుడు రోజూ నేనే పండవెడ్తున్న."

"ఎందుకు?"

"ఎందుకేంది? బాంబు వేల్తె అద్దం పల్గుతది. మీరు గిట్ల బయటికి నడువుండ్రి, మీ నెత్తులూ పల్గుతయ్!"

ధడేల్‌మంది. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. చూశారా, జియాలజీకి వచ్చిన పిల్లలకు భూకంపం పాఠం ఉచితం!

జలపతి సారు పిల్లలకు ఒక పని చెప్పి ఉన్నాడు. బండలో పగుళ్లు వెతికి బొమ్మ గీయాలి. క్వారీలో రంపంతో కోసిన బండ నున్నగా ఉంది. పాపం, పిల్లలు ఎక్కడని వెతుకుతారు? అందరూ ఒకే బొమ్మ గీసి తెచ్చారు.

"గిది ఏ బండరా?" అన్నాడు సారు.

"బండ కాదు సార్, లసుమవ్వోళ్ల గోడ. చెయ్యి వడ్తుంది."

సారు వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. మణికట్టు దాకా పోయింది. ఆయన మొహంలో ఉత్సాహం తగ్గింది. "అవ్వా, గీ ఇంట్ల ఎట్లుంటున్నవ్?"

"నిరుడు వేలు వట్టేది సారూ. తిండి వెట్టకున్నా మంచిగ వెరుగుతుంది!" అని నవ్వింది వదిన.

పాఠకులారా, ఈ వేగం గమనించారా? భూమి ఒక పగులు తేవడానికి యుగాలు తీసుకుంటుంది. అంతకాలం ఆగితే పిల్లల పరీక్షలేం కావాలి? మా వదిన గోడ అదే పనిని రెండు ఎండాకాలాల్లో పూర్తిచేసింది. సిలబస్‌కు సరిపడా!

చీకటి పడ్డాక, నా బుద్ధి ఊరుకోక అన్నాను. "వదినా, జగిత్యాల రారాదు? నేనొక్కన్నే ఉంటున్న గద."

"నేనస్తె ఇల్లు ఖాళీ అయిందని క్వారోళ్లు రాసుకుంటరు మరిదీ. గీ పాతిక గుట్టకు కావలి నేనొక్కదాన్నే." ఆ మాటంటూనే నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

కాబట్టి క్వారీని తిట్టకండి. నాది ఒక్కటే విన్నపం. వచ్చే వేసవి క్యాంపుకు క్వారీ యజమానులే రావాలి, ఆ ఇంట్లోనే పడుకోవాలి. టెంటు అక్కర్లేదు. గోడలోంచి చుక్కలు కనిపిస్తాయి!

ఆ రాత్రి నాకూ తనకూ మంచాలు వాకిట్లోనే వేసింది వదిన. ఉక్కపోతకేమో అనుకున్నాను. వానాకాలం కూడా అరుగు మీదే పడుకుంటుందట. లోపల లైటు మాత్రం ఆర్పలేదు.

"కరెంటు దండుగ గద వదినా?"

"మనుషులున్నట్టు కనవడాలె," అంది.

తర్వాత ఒక చెయ్యి ఆ పగిలిన గోడకు ఆనించి, రెండో చేత్తో తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుని, రవ్వంత చప్పుడు కూడా కాకుండా మూసింది.