మూత తీసిన పాపం

సైన్సులో అంతిమ విజయం ఎప్పటికైనా సత్యానిదే! మా ప్రయోగశాలలో ఆ విజయం ఇప్పటికి అయిదుసార్లు దక్కింది. అయిదు థీసిస్‌లూ ఒకే మాట తేల్చాయి. వాటిలో మూడోది నాది.

ఆ మాట ఇది. దెబ్బతిన్న డీఎన్ఏని బాగుచేసే జన్యువు ఒకటి బాక్టీరియాలో ఉందని మా పెద్దసారు ఇరవై ఏళ్ళ కిందట ప్రకటించారు. ఆ జన్యువు తీసేసిన బాక్టీరియాని మూతలున్న ప్లాస్టిక్ ప్లేట్లలో వేసి అతినీలలోహిత దీపం కింద పెడితే, బాగుచేసే దిక్కులేక చావాలి. మా అయిదుగురి దగ్గరా బుద్ధిగా చచ్చాయి. ఆరో విద్యార్థిని దగ్గరికి వచ్చేసరికి చావం పొమ్మని మొండికేశాయి!

పాపం, నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ మర్నాటికల్లా ప్లేటు నిండా బతికిన బాక్టీరియా తెల్లటి చుక్కలు, సంతలో జనంలా.

"నీ చెయ్యే మంచిది కాదమ్మా!" అన్నారు పెద్దసారు. "వీళ్ళందరికీ చావలేదూ? నీకే ఏం మాయరోగం?"

నెలలోగా పట్టా చేతికి రాకపోతే, ఆ అమ్మాయికి వచ్చిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. గోడమీద పెద్దసారు స్వహస్తాలతో అంటించిన నిబంధన చదివింది. 'గాలిలోని క్రిములు పడును. ప్లేటు మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయరాదు.' చదివి, మూత తీసేసింది!

మర్నాడు చూస్తే, పోలికకి పక్కన పెట్టిన జన్యువున్నవి నిక్షేపంగా ఉన్నాయి. లేనివి ఒక్కటీ మిగల్లేదు.

"సార్! ఆ కాంతి ప్లాస్టిక్ మూత దాటి లోపలికి పోదు సార్! ఇన్నాళ్ళూ వాటికి దెబ్బే తగల్లేదు. మీరు చెప్పిందే నిజం!" అంటూ పరుగెత్తుకొచ్చింది.

ఇరవై ఏళ్ళ సిద్ధాంతం మొట్టమొదటిసారి రుజువైంది. పెద్దసారు ఆముదం తాగిన ముఖం పెట్టారు. మూత పెట్టి చంపిన థీసిస్‌లు అలమారాలో అయిదున్నాయి మరి! ఆ పూటే ముగ్గురితో విచారణ సంఘం వేశారు. ఇక్కడే పాఠాలు చెప్పుకుంటున్న నేనూ అందులో ఒకణ్ణి.

లోపలికి వెళ్తుంటే ఆ అమ్మాయి వరండాలో ఆపింది.

"సార్, మీ థీసిస్ చదివాను. మీరూ మూతలు పెట్టే చేశారు. మీవి నిజంగా చచ్చాయా?"

అటూ ఇటూ చూశాను. ఎందుకో అబద్ధం నోటికి రాలేదు. సిగ్గేసింది.

"ఒక్కటీ చావలేదమ్మా. ముందువాళ్ళ థీసిస్ చూసి అంకెలు వేసేశాను."

"ఆ ఒక్క ముక్క లోపల చెప్పండి సార్. నా ఉద్యోగం నిలబడుతుంది."

"చెప్తాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

లోపల బల్లమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆ అమ్మాయి మీద తీర్పు. రెండోది నా ప్రమోషనుకు పెద్దసారు రాసిన సిఫారసు.

"ముందు దానిమీద మీరు సంతకం పెట్టండి, తరవాత దీనిమీద నేను పెడతాను" అన్నారాయన, పెన్ను అందిస్తూ.

పెట్టాను. మూత తీసినందుకు ప్రయోగం చెల్లదు. ఇంకో ఏడాది మూతలు పెట్టి, బాక్టీరియా చచ్చేదాకా చేయాలి. నిబంధన ఉల్లంఘించినందుకు శిక్షగా 'పరిశోధనలో నిజాయితీ' తరగతికి హాజరు కావాలి.

ప్రమోషనుతోపాటు ఆ తరగతి కూడా నాకే ఇచ్చారు! మొదటిరోజు వెళ్ళేసరికి ముందు బెంచీలో ఆ అమ్మాయి పుస్తకం తెరిచి సిద్ధంగా ఉంది.

"చెప్పండి సార్, రాసుకుంటాను" అంది.