మలీనోవ్ వంతెన యుద్ధంలో ఒక చావు తక్కువైన వైనం

"మలీనోవ్ గ్రామ పౌరులందరికీ తెలియజేయునది ఏమనగా, ఈ ఏటి రెండవ ప్రపంచ యుద్ధము శనివారం ఉదయం సరిగ్గా పది గంటలకు వంతెన వద్ద ప్రారంభమై, మధ్యాహ్నం పన్నెండు గంటలకు జర్మన్ల ఓటమితో ముగియును. వాన వచ్చినను యుద్ధము ఆగదు. గసగసాల తీపి కొలాచ్చె రొట్టెలు తెచ్చు మహిళలు తొమ్మిదింటికే రావలెను. వీరమరణం పొందినవారు పన్నెండు కొట్టకముందే గూలాష్ గిన్నె మూత తీయరాదని మరీమరీ హెచ్చరించడమైనది."

స్తంభాలకు కట్టిన ఊరి మైకుల్లో బాకాల సంగీతం వాయించాక బుధవారం నాడు వినిపించిన ప్రకటన ఇది. ఆఖరి వాక్యం ఊరందరికీ చెప్పినట్టే ఉంది గానీ, నిజానికి ఒకే ఒక్క మనిషికి. ఆయన పేరు ఓటకార్ వ్రజల్. పోస్టుమాస్టరు, యాభై ఏడేళ్లు, కాస్త పొట్ట. పదకొండేళ్లుగా ఈ యుద్ధంలో వీరమరణం పొందుతున్నది ఆయన ఒక్కడే. నిరుడు చచ్చి కూర్చుని తోచక, గిన్నె మూత తీసి మాంసం కూరలో ఉప్పు చూశాడు. ఆ సంగతి ఊరు ఇంకా మరిచిపోలేదు.

ఆయన ఒక్కడే ఎందుకు చస్తున్నాడో తెలియాలంటే, పాత యుద్ధాన్ని ఏటా ఆడి చూపించే ఈ ఆట నియమం తెలియాలి. ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు చూడ్డానికి అచ్చం ఆనాటి తుపాకులే. కక్కేది మాత్రం బఠాణీ గింజంత ప్లాస్టిక్ గోళీలు. తగిలితే ప్రాణం పోదు, ఎర్రగా దద్దురు లేస్తుంది. అంపైరు ఉండడు. తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి "తగిలింది!" అని అరిచి, జేబులోంచి ఎర్రగుడ్డ తీసి తలకు చుట్టుకుని, ఫైర్ స్టేషన్ వెనకాల చచ్చినవాళ్ల బల్ల దగ్గరికెళ్లి కూర్చోవాలి. పెద్దమనిషి మాటే సాక్ష్యం. "నీకు తగిలింది కదయ్యా" అని ఎదుటివాణ్ని నిలదీయడం మహాపరాధం. అలా అన్నవాణ్ని మరుసటి ఏడు యుద్ధానికి పిలవరు. మలీనోవ్‌లో అందరూ పెద్దమనుషులే కాబట్టి ఎవరికీ తగలదు. చచ్చినవాళ్ల బల్ల దగ్గర ఒక్క కుర్చీయే వేస్తారు.

పోనీ, అసలెవరూ చావకపోతే ఏం పోయిందంటారా? చరిత్ర పోతుంది. ప్రతి ఊరికీ ఉన్నట్టే మలీనోవ్‌కూ ఓ గ్రామ చరిత్ర పుస్తకం ఉంది. ఏటేటా జరిగినవన్నీ అందులోకి ఎక్కించే ఊరి లేఖకుడు కూడా మన ఓటకారే. ఆ పుస్తకంలో 1945 మే నెల పుటలో ఇలా ఉంది: "మన గ్రామ గెరిల్లా వీరులు రెండు వందల పద్నాలుగు మంది వంతెనను ముట్టడించిరి. ఒక వీరుడు నేలకొరిగెను. అది చూచి శత్రువు గుండె జారి పారిపోయెను." ఆ వీరుడి పేరున్న చోట బీరు మగ్గు అడుగు ముద్ర పడి అక్షరాలు అలుక్కుపోయాయి. కనుక ఎవరు ముందు చస్తే వాళ్లే ఆ వీరుడు. ఆ వీరుడు పడితేగానీ జర్మన్లు పారిపోకూడదు, జర్మన్లు పారిపోతేగానీ గూలాష్ వడ్డించకూడదు.

ఇంకో చిన్న విషయం. 1945లో ఊరి జనాభా ఉయ్యాలలో పిల్లలతో కలిపి నూట తొంభై. లేఖకుడిగా చేరిన మొదటి వారంలోనే ఓటకార్ ఆ రెండు వందల పద్నాలుగు పక్కన పెన్సిల్‌తో బుల్లి ప్రశ్నార్థకం పెట్టాడు. అది చెరిపేయమని ప్రెసిడెంటు హావ్రానెక్ పదకొండేళ్లుగా బతిమాలుతున్నాడు, బెదిరిస్తున్నాడు, ప్లమ్ సారా సీసాలు పంపిస్తున్నాడు. "నిజం తేలాక చెరిపేస్తానండీ" అంటాడు ఓటకార్. సీసాలు మాత్రం వెనక్కి పంపడు.

చరిత్ర విషయంలో ఊరు ఎంత నిష్ఠగా ఉంటుందో చెప్పకపోతే పాపం తగులుతుంది. ప్రామాణికత సంఘం అని ఒకటుంది. శనివారం ఉదయం సంఘంవారు భూతద్దాలతో గుండీలు పరీక్షించారు. ఒక సైనికుడి లోదుస్తుల్లో ఎలాస్టిక్ ఉందని తేలి, అది యుద్ధం తర్వాతి తయారీ అని అతణ్ని ఇంటికి పంపేశారు. కళ్లకు అందరూ ప్లాస్టిక్ రక్షణ అద్దాలు పెట్టుకోక తప్పదు కాబట్టి, ఆ అద్దాలు ఎవరికీ కనబడవని ఏకగ్రీవంగా తీర్మానించారు. మిగిలిన అరవై రెండు మందిలో నలభై మంది జర్మన్లయ్యారు, బూట్లు బావుంటాయని. రెండు వందల పద్నాలుగు మంది గెరిల్లాలకు మిగిలింది ఇరవై రెండు మంది. సంఘంవారు దాన్ని పట్టించుకోలేదు. గుండీలు సరిగ్గా ఉన్నాయి.

ఓటకార్‌కు ఈసారి ఒకటే కోరిక, చావకూడదని. వంతెన అవతలి గట్టున జెండా ఎగరేయాలి. గెరిల్లాల్లో తగలకుండా ముందుగా ఆ గట్టెక్కినవాడికి ఆ గౌరవం దక్కుతుంది. ఏటా దక్కేది ప్రెసిడెంటుకే. బీరు దుకాణం గోడ మీద పదకొండు ఫోటోలున్నాయి. పదకొండింటిలోనూ హావ్రానెక్ జెండా పట్టుకుని నవ్వుతుంటాడు, ఓ మూలన ఓటకార్ తలకు ఎర్రగుడ్డతో స్పూను నాకుతుంటాడు. ఓటకార్ ఎలాగో సర్దుకున్నాడు గానీ ఆయన భార్య క్వ్యేతా సర్దుకోలేకపోయింది. మే నెల వస్తే చాలు, కొట్లో అమ్మాయి "ఏం విధవగారూ, ఉల్లిపాయలు ఎన్ని కావాలి?" అంటుంది.

శనివారం పొద్దున ఆయన కోటు గుండీలు పెడుతూ క్వ్యేతా చెప్పాల్సింది చెప్పేసింది. "చూడు ఓటా, నేను పెళ్లి చేసుకుంది బతికున్న మనిషిని. ఈసారి చచ్చావంటే ఇంటికి రాకు."

"తగిలితే ఏం చెయ్యనే?"

"మిగతావాళ్లు ఏం చేస్తున్నారో అదే చెయ్యి!"

పది గంటలకు సైరన్ మోగింది. పదీ ఏడు నిమిషాలకు ఓటకార్ ఎడమ చెవికి చురుక్కుమని గోళీ తగిలింది. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఒడ్డున బ్యాండువాళ్లు విషాద గీతానికి బాకాలు పెదాలకు ఆనించారు. చెయ్యి సగం దూరం వెళ్లింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, వంగి, తల గోక్కుంది.

కొంపేమీ మునగలేదు. నది పారుతూనే ఉంది. ఇంకో గోళీ మోకాలికి తగిలింది. ఆయన మోకాలు గోక్కున్నాడు. మూడోది తగిలేసరికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇంత తేలికా! ఇన్నాళ్లూ ఇంత సుఖాన్ని వదిలేసి నేను ఆ బల్ల దగ్గర కూర్చుని ఉప్పు చూశానా! అనుకున్నాడు. ఇసక బస్తాల వెనకాల పోస్టుమాస్టరు పసివాడిలా కిలకిలలాడాడు.

పదిన్నరైంది. పదకొండైంది. రెండు వైపులా కలిపి ముప్ఫై వేల గోళీలు ఖర్చయ్యాయి. అరవై రెండు మందిలో ఒక్కరూ చావలేదు. నదిలో బాతులు తెల్లటి గోళీల మధ్య దారి చేసుకుని ఈదుతున్నాయి. గూలాష్ గిన్నె దగ్గరినుంచి మాడు వాసన మొదలైంది. ప్రెసిడెంటు మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు.

"ఓటకార్ గారూ, టైమెంతయిందో చూశారా? మీరింకా బతికే ఉన్నారు!"

"దేవుడి దయండీ."

"దేవుణ్ని మధ్యలోకి లాగకండి. మీకేమైనా ఒంట్లో బాలేదా? ఎప్పుడూ పదింపావుకల్లా పోయేవారు కదా!"

"ఈసారి తగల్లేదండీ."

ప్రెసిడెంటు చూపు ఓటకార్ చెవి మీద పడింది. చెవి టమాటాలా ఉంది. కానీ నియమం నియమమే, పెద్దమనిషి మాటను కాదనడానికి లేదు. ఆ నియమం రాసింది తనే.

"పోనీ మీరు చావకూడదూ?" అన్నాడు ఓటకార్ మర్యాదగా. "మీ వీపుకు ఏడు తగలడం నేను చూశా... అదే, చూసినట్టు అనిపించింది."

"నాకా? చెట్టు కొమ్మండీ అది!"

ఇంతలో జర్మన్ల వైపునుంచి తెల్ల చేతిరుమాలు ఊపుకుంటూ వాళ్ల మేజరు వచ్చాడు. ఆయన ఊరి పళ్ల డాక్టరు కుబాట్. "బాబూ ఓటకార్, మావాళ్లకి ఆకలేస్తోందయ్యా. రెండేళ్ల కిందట నీ దవడ పన్ను నొప్పి తెలియకుండా పీకానా లేదా? ఆ మాత్రం కృతజ్ఞత ఉండక్కర్లేదూ? ఒక్క ఐదు నిమిషాలు చచ్చిపోరాదూ!"

"మీలో ఎవరైనా చావండి డాక్టరు గారూ."

"మేం చస్తే చరిత్ర ఒప్పుకోదు! పుస్తకంలో పోయింది మీవాడు!"

దాంతో ప్రెసిడెంటు మైకు తెప్పించి, ఇసక బస్తా ఎక్కి ప్రసంగించాడు. "పౌరులారా! మన తాతలు ఈ వంతెన కోసం నెత్తురు ధారపోశారు! నేడు మనలో ఒకరు, పేరు చెప్పను, పోస్టాఫీసులో పనిచేస్తారు, తన క్షుద్రమైన ప్రాణం కోసం ఊరి చరిత్రనే తాకట్టు పెడుతున్నారు! త్యాగం చచ్చిపోయిందా? ఈ గడ్డ మీద ఒక్క నిజాయితీపరుడైనా లేడా?"

ప్రశ్న గొప్పదే. ప్రేక్షకులు ఆవేశం పట్టలేక చప్పట్లు కొట్టారు. అరవై రెండు మంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. చప్పట్లు ఆగాక గుంపులోంచి క్వ్యేతా గొంతు ఖంగున వినిపించింది. "చావకు ఓటా! అన్నీ సర్దుకుంటాయి! చావకు!"

ఆ మాటతో ఓటకార్‌కు పూనకమే వచ్చింది. లేచి నిలబడి, కోటు దులుపుకుని, ఉత్తరాలు పంచడానికి వెళ్తున్నంత తాపీగా వంతెన ఎక్కాడు. ఎనభై అడుగుల వంతెన. అవతల నలభై తుపాకులు. గోళీలు ముందునించీ, సొంతవాళ్లవి వెనకనించీ పెళ్లిలో తలంబ్రాల్లా పడుతున్నాయి. టోపీ ఎగిరిపోయింది. ఆయన నడుస్తూనే ఉన్నాడు. "లేదండీ... లేదు... పక్కనించి పోయింది... అబ్బే, గాలి" అంటూ కనబడిన ప్రతి జర్మనుకూ నమస్కారం పెట్టుకుంటూ వెళ్లాడు. వంతెన చివర డాక్టరు కుబాట్ మూరెడు దూరం నించి తుపాకిలో ఉన్న గోళీలన్నీ ఆయన పొట్టలోకి దించాడు.

"తగిలిందా?"

"లేదండీ."

"ఇప్పుడూ?"

"దోమనుకుంటానండీ."

ఆ దోమ సాకును నాలుగేళ్ల కిందట కనిపెట్టింది కుబాటే మరి. ఏం చేస్తాడు? పక్కకు తప్పుకుని దారిచ్చాడు. నలభై మంది జర్మన్లు గుండె జారి, గూలాష్ వైపు పారిపోయారు. ఓటకార్ గట్టెక్కి జెండా ఎగరేశాడు. బ్యాండు పగిలిపోయేలా మోగింది. ఆడవాళ్లు ఏడ్చారు. క్వ్యేతా మూతి మీద కొలాచ్చె గసగసాలతోనే పరిగెత్తుకొచ్చి ఆయన మెడ వాటేసుకుంది. ఫోటో తీశారు. హావ్రానెక్ తన జీవితంలో మొదటిసారి ఫోటోలో ఓ మూలన నిలబడ్డాడు. అయినా బాధపడలేదు, ఓటకార్ భుజం తట్టి "ఇన్నాళ్లకు మనవాడివయ్యావయ్యా!" అన్నాడు. అప్పటిదాకా ఆయన ఓటకార్‌ను గారూ అనే పిలిచేవాడు.

అమరవీరుడి లోటు మాత్రం మిగిలింది. ప్రామాణికత సంఘం అక్కడికక్కడే సమావేశమై, మాడిపోయిన అరవై లీటర్ల గూలాష్‌ను ఈ ఏటి అమరవీరుడిగా గుర్తించింది. ప్రెసిడెంటు ఆ గిన్నె ముందు టోపీ తీసి రెండు నిమిషాలు మౌనం పాటించాడు. తర్వాత ఆ అమరవీరుణ్ని అందరూ రొట్టెలతో నంజుకు తిన్నారు. సాయంత్రానికి ఊరి మందుల షాపులో దద్దుర్ల మలాం ఒక్క ట్యూబు లేదు. కొన్న అరవై మందీ అత్తగారి కోసమే కొన్నారు.

క్వ్యేతా ముందుచూపున్న మనిషి. శుక్రవారమే ఓ ట్యూబు తెచ్చిపెట్టుకుంది. ఇంకా ఎండ పోలేదు. కిటికీ దగ్గర కుర్చీలో ఓటకార్‌ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, చొక్కా విప్పి, వీపుకు మలాం రాస్తూ దద్దుర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై దాటాక లెక్క తప్పింది.

"అయ్యో నా తండ్రీ! అసలెన్ని తగిలాయయ్యా?"

"ఒక్కటీ తగల్లేదు."

ఆమె పకపకా నవ్వింది. "సరే, సరే, హీరోగారూ! నా దగ్గర కూడానా? చెప్పు, ఎన్ని?"

"తగల్లేదన్నాగా" అన్నాడు ఓటకార్. ఆయన నవ్వడం లేదు.

క్వ్యేతా నవ్వు ఆగిపోయింది. మిగతా వీపుకు కూడా రాసి, మూత బిగించి, చేతులు కడుక్కుంది.

ఓటకార్ చొక్కా వేసుకుని, గ్రామ చరిత్ర పుస్తకం బల్ల మీద పరిచి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఈ సంవత్సరం వంతెన యుద్ధమున లేఖకుడు ఓటకార్ వ్రజల్ ఒక్క గోళీయైనను తగలకుండా శత్రువును తరిమి, జెండా ఎగురవేసెను." ఒకసారి చదువుకున్నాడు. బాగుంది. సిరా ఆరేదాకా ఆగి, పుటలు వెనక్కి తిప్పుకుంటూ 1945కు వెళ్లాడు. రెండు వందల పద్నాలుగు మంది వీరులు. పక్కన తను పెట్టిన బుల్లి ప్రశ్నార్థకం.

సొరుగులోంచి రబ్బరు తీసి నెమ్మదిగా, కాగితం చిరగకుండా చెరిపేశాడు. పొట్టు ఊదేశాడు.

సోమవారం కొట్లో అమ్మాయి క్వ్యేతాకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. ప్రస్తుతం మలీనోవ్‌లో చచ్చినవాళ్ల బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. "తగిలితే తగిలిందని చెప్పగల వ్యక్తి కావలెను, అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం" అని పంచాయతీ బోర్డు మీద నోటీసు వేలాడుతోంది. అర్హత ఉన్నట్టు నూట నలభై మంది దరఖాస్తు పెట్టుకున్నారు. మీరూ పెడతానంటే అభ్యంతరం లేదు. ముందు ఓసారి తలుపేసుకుని, చొక్కా విప్పి, అద్దంలో వీపు చూసుకోండి. ఏమీ లేదంటారా? సరే. పెద్దమనుషుల మాట నేను కాదనను.