బర్రె సినిమాకు సున్నా మార్కులు

ముందే ఒక మాట. ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. కావాలంటే ఏ దేవుడి మీదైనా ఒట్టు పెడతాను. దేవుళ్లకు నా ఒట్లు అలవాటే.

ఆ ఆదివారం పొద్దున కట్టయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా హనుమకొండలో సినిమాల పోటీకి చేరాలి, మార్కుల కవరు ఇచ్చేయాలి, మూడు సినిమాలూ అయ్యేదాకా ముందు వరుసలో కునుకు తీయాలి, వాళ్లు పెట్టే భోజనం తిని ఇంటికి రావాలి. భార్య సారలమ్మ పోయి తొమ్మిది నెలలైంది. అప్పటినుంచి ఎక్కడ భోజనాలంటే అక్కడికి పోయే మనిషయ్యాడు. ఆకలికి కాదు. ఇంట్లో ఒక్క కంచం చప్పుడే వినబడుతుంటే ముద్ద దిగదు.

వరంగల్‌లో ఒక పాత టాకీసులో కట్టయ్య ముప్పై ఎనిమిదేళ్లు ఆపరేటరు. టాకీసు పోయి ఫంక్షన్ హాలు వచ్చింది గానీ ఆయన పేరు పోలేదు. "ఒక్కొక్క సినిమా రెండొందల సార్లు చూసిన. నాకంటే ఎక్కువ చూసినోడు జిల్లాల లేడు" అంటాడు. అందుకే సినీమిత్ర సంఘం వాళ్లు ఏటా ఇచ్చే ఉత్తమ చిత్రం బహుమతికి ఈసారి ఆయన్ను న్యాయనిర్ణేతగా పెట్టుకున్నారు. అసలు సంగతేమిటంటే, ఆపరేటరు సినిమా చూడడు. రీలు మార్చే వేళకు తెర కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుంది. కట్టయ్య ముప్పై ఎనిమిదేళ్లూ ఆ మూలనే చూశాడు. హీరోలు తెర మధ్యలో ఏడ్చారో నవ్వారో ఆయనకు తెలియదు. వాళ్ల నెత్తిమీది ఆకాశం మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

పోటీకి వచ్చిన మూడింటిలో రెండు మనుషుల సినిమాలు, ఒకటి బొమ్మల సినిమా. నర్సంపేట అంగట్లో అమ్ముడుపోయిన ఒక ముసలి బర్రె, తొవ్వ వెతుక్కుంటూ పాత ఇంటికి నడిచి రావడం దాని కథ. కట్టయ్య వాడకట్టు పిల్ల దీప్తి మూడేళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని గీసింది. న్యాయనిర్ణేతలు మొదటిసారి కూర్చున్న రోజే దానిమీద పంచాయితీ పడింది.

"పిల్లల సినిమాకు పిల్లల బహుమతి ఇయ్యిండ్రి. పెద్ద బహుమతెట్ల ఇస్తరు?" అన్నాడు కట్టయ్య.

"ఎందుకియ్యొద్దు? దాంట్ల కథ లేదా, కష్టం లేదా?" అంది సుభాషిణి. ఆమె ఇంకో న్యాయనిర్ణేత, రిటైరైన లెక్చరర్. ఎదుటివాడు తప్పు చెప్తే కళ్లద్దాలు తీసి తుడుస్తుంది.

"యాక్టరు వానల తడుస్తడు, చెమట గారుస్తడు, దెబ్బలు తింటడు. బొమ్మకు జలుబన్న జేస్తదా మేడం?"

"బొమ్మకు చెయ్యది. గీసిన పిల్లకు కండ్లద్దాలొచ్చినయి కట్టయ్య గారూ."

"సరే, గెలిచిందనుకో. దండ ఎవలకేస్తరు? బర్రె బొమ్మకా? బొమ్మకు దండేసుడు నేను ఇంట్ల రోజూ జేస్తున్న మేడం. అది సన్మానం గాదు."

సుభాషిణి కళ్లద్దాలు తీసింది గానీ తుడవలేదు. సంఘం అధ్యక్షుడు, బట్టల దుకాణం ఓంప్రకాశ్ సేటు గబగబా అందరికీ చాయ్ చెప్పాడు. చావు మాట వచ్చినప్పుడు చాయ్ చెప్పడం కంటే మంచి సమాధానం ఆయనకు ఎప్పుడూ దొరకలేదు.

మూడు సినిమాలూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇంటికి పంపారు. కట్టయ్య వాటిని తన పద్ధతిలో పరీక్షించాడు. పాత రోజుల్లో డబ్బాలు రాగానే మొదటి రీలు కాస్త, చివరి రీలు కాస్త తిప్పి చూసేవాడు. రెండు కొసలూ బాగుంటే నడిమిది దేవుడే చూసుకుంటాడని ఆయన లెక్క. బర్రె సినిమా మొదట్లో రెండు నిమిషాలు వాన కురిసింది, ఎవరూ మాట్లాడలేదు. చివర్లో రెండు నిమిషాలు పేర్లు పడ్డాయి. పేర్లు పడితే ఆట అయిపోయినట్టే గనుక అలవాటుగా లేచి లైటు వేశాడు. ఆ పేర్లలో నాలుగోది చదివి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

శనివారం దీప్తి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"తాతా, చూసినవా?"

"చూసిన బిడ్డా."

"గొంతు గుర్తు వట్టినవా?"

కట్టయ్యకు ఏ గొంతూ వినబడలేదు. హైదరాబాద్ నుంచి పేరున్న ఆర్టిస్టునెవరినో తెచ్చి ఉంటారనుకున్నాడు. "గుర్తు వట్టకేంది! మస్తు తెలిసిన గొంతు గదా."

దీప్తి కళ్లు నిండాయి. "నీకు చెప్పక పెట్టిన. కోపమొస్తదేమోనని భయపడ్డ తాతా."

"కోపమెందుకు బిడ్డా? గసొంటోళ్లు వస్తరు, వాళ్ల పని జేస్తరు, పోతరు. మనమేం జేస్తం? ఫికర్ జెయ్యకు."

దీప్తి వెక్కివెక్కి ఏడ్చి, వంగి కాళ్లకు మొక్కి వెళ్లిపోయింది. కట్టయ్య మీసం దువ్వుకున్నాడు. 'మార్కుల కోసం ఎన్ని ఏడుపులు ఏడుస్తాంది! నా దగ్గర నడువయి' అనుకుని, ముందు వేసిన నలభై కొట్టేసి సున్నా చుట్టాడు. కవరు అంటించి, పైన సంతకం కూడా పెట్టాడు.

ఆదివారం హాలు నిండింది. కవర్లు ఓంప్రకాశ్ సేటు సంచిలోకి చేరాయి. మొదటి సినిమా అయింది, రెండోది అయింది. కట్టయ్య కునుకు తీసి లేచేసరికి బర్రె సినిమా మొదలై పది నిమిషాలు దాటింది. అలవాటు చొప్పున కుడివైపు పైమూలకే చూస్తూ కూర్చున్నాడు. బర్రె రోడ్డు పక్కన ఒక బక్క కుక్క దగ్గర ఆగింది.

"ఏందయ్యా, గింత చిక్కినవ్? తిన్నవా లేదా?"

కట్టయ్య చూపు మూల నుంచి జారి, ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి తెర మధ్యలో పడింది. అది సారలమ్మ గొంతు.

"సారలా!" అని లేచాడు.

"కూసోవయ్యా, బర్రె కనబడ్తలేదు!" అన్నారు వెనకాల.

పోయిన ఎండాకాలం వారం రోజులు ఆమె మధ్యాహ్నం పూట దీప్తి వాళ్లింటికి పోయి వచ్చేది. "పిల్ల బొమ్మల సినిమాల మాట్లాడమంటాంది" అని చెప్పింది కూడా. ఆయన టీవీ మీది నుంచి కళ్లు తీయకుండా "నువ్వు మాట్లాడ్తె వినేటోడుండాలె గద" అన్నాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కట్టయ్య మెట్లెక్కి క్యాబిన్‌లోకి పరుగెత్తాడు. ఆపరేటర్ రాంప్రసాద్ భుజం పట్టుకున్నాడు.

"ఎనుకకు తిప్పు!"

"సార్, పబ్లిక్ ఉన్నరు."

"నేను ఆపరేటర్నిరా, తిప్పు!" అని తనే ఏదో మీట నొక్కాడు. బర్రె వెనక్కి నడిచింది. "తిన్నవా లేదా?" అంది. మళ్లీ వెనక్కి నడిచింది. మళ్లీ అడిగింది. మూడోసారికి హాలంతా ఈలలు. నాలుగోసారికి ఎవరో "గామె కట్టయ్య పెండ్లాం గొంతే" అన్నారు. ఈలలు ఆగిపోయాయి.

కట్టయ్య కిందికి దిగి నేరుగా ఓంప్రకాశ్ సేటు సంచి పట్టుకున్నాడు. "సేటూ, నా కవర్ ఇయ్యి. జర దిద్దుకుంట."

"సీలేసినం కట్టన్నా!"

"చూడుండ్రి, పెండ్లాం సినిమాకు మార్కులు పెంచుతాండు!" అని ఒక గొంతు లేచింది. దానికి నాలుగు గొంతులు తోడయ్యాయి. పాపం, మార్కులు మారలేదని చూపి కట్టయ్య పరువు కాపాడదామనే ఓంప్రకాశ్ సేటు అందరి ముందూ కవరు చించి, కాగితం పైకెత్తి చూపించాడు.

సున్నా.

హాలు చప్పట్లతో అదిరిపోయింది. "సొంత పెండ్లాం మాట్లాడిన సినిమాకు సున్నా ఏసిండు! గిసొంటి ధర్మాత్ముడు వరంగల్ల ఇంకోడున్నడా?" అంటూ ఓంప్రకాశ్ సేటు ఆయన భుజాల మీద శాలువా కప్పాడు. కట్టయ్య వద్దు వద్దంటున్న కొద్దీ, వినయం కూడా ఉందని మరింతగా చప్పట్లు కొట్టారు. సుభాషిణి తొంభై అయిదు వేసినా లాభం లేకపోయింది. ఆరు మార్కుల తేడాతో బర్రె ఓడిపోయింది. ముందు వేసిన నలభై ఉంచినా గెలిచేది.

బయట మెట్ల మీద దీప్తి ఒక్కతే కూర్చుని ఉంది. కట్టయ్య పక్కన కూలబడ్డాడు.

"నేను సూడలే బిడ్డా. మొదలు జూసిన, చివర జూసిన."

"మరి కాళ్లు మొక్కిచ్చుకున్నవ్ గద తాతా?"

"మొక్కితె వద్దంటరా?"

ఏడుస్తున్న పిల్ల నవ్వింది. తర్వాత ఫోన్ తీసింది. "సినిమాల వెట్టనియి ఉన్నయి. మైకు ముంగట అవ్వ నీ మీద చెప్పిన చాడీలు. పది నిమిషాలు."

కట్టయ్య ఆ రోజు అక్కడ భోజనం చేయలేదు. ఇంటికొచ్చి సారలమ్మ ఫొటోకున్న దండ తీసి, ఆ శాలువా కప్పాడు. ఇప్పుడు రోజూ అన్నం ముందు ఆ పది నిమిషాలు వింటాడు. నల్లా కట్టేయలేదని ఒక తిట్టు, తడి తువ్వాల మంచం మీద వేశాడని ఒక తిట్టు, మేడారం జాతరలో తప్పిపోయి మైకులో తన పేరే పిలిపించుకున్నాడని ఒక నవ్వు. బొమ్మల సినిమాకు పెద్ద బహుమతి ఇవ్వొచ్చా అని ఎవరైనా అడిగితే, "ఇయ్యొచ్చు. గని జడ్జి నడుమ జూడాలె" అంటాడు.

ఇక ఆవగింజ సంగతి. పది నిమిషాలన్నది నా కల్పన. తిట్లూ నవ్వూ నేనే అల్లాను, మీరు తేలికపడతారని. ఆ ఫోన్‌లో ఉన్నది పదకొండు సెకన్లే, అదే ప్రశ్న ఇంకోసారి. కట్టయ్య రోజూ అది పెట్టుకుని, కంచం ముట్టకుండానే "తిన్న" అని చెప్తాడు. అబద్ధాలాడేది నేనొక్కణ్నే కాదు.